వంటింటికి రాని వైఫై

మా ఇంటికి ఈమధ్య ఎనిమిది కొమ్ముల జంతువొకటి వచ్చింది. దాన్ని తీసుకురావడానికి మావారూ, మా మరిదీ పని గట్టుకుని తెనాలి నుంచి విజయవాడ దాకా కారు వేసుకుని వెళ్ళారు. నల్లటి డబ్బా, చుట్టూ ఎనిమిది కర్రలు. వెల్లకిలా పడ్డ సాలెపురుగులా వుంది. అట్టపెట్టె మీద మూడంతస్తుల మేడ బొమ్మ, మేడలో ప్రతి కిటికీలోంచీ నవ్వుతున్న మొహాలు, పైన బంగారు అక్షరాలతో ‘లాంగ్ రేంజ్’. “ఇక చూడు, ఇల్లంతా వైఫై పొంగి పొర్లుతుంది” అన్నారు మావారు. హాల్లో టీవీ పక్కన, మామగారి పటం కింద, దానికి ఆసనం వేశారు. హారతి పళ్ళెం తెమ్మనలేదు, అదొక్కటే తక్కువ.

నేను ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి చూశాను. సున్నా. పాత డబ్బాతోనూ సున్నాయే, కొత్త డబ్బాతోనూ సున్నాయే. ఆ సున్నాకీ ఈ సున్నాకీ తేడా ఎనిమిది వేల రూపాయలు.

ఇదంతా ఆ డబ్బాని తిట్టడానికి రాయడం లేదు. నోరు లేనిది, దాన్నేమంటాం? దాన్ని అమ్మిన నోటినీ, కొన్న బుద్ధినీ, అన్నిటికన్నా ముఖ్యంగా దాన్ని కూచోబెట్టిన చోటునీ నాలుగు మాటలనాలని రాస్తున్నాను. “వైఫై గొడవ మనకెందుకమ్మా, మొగవాళ్ళు చూసుకుంటారు” అనుకుని పేజీ తిప్పబోతున్న సోదరీమణులు ఒక్క నిమిషం ఆగాలి. మొగవాళ్ళు చూసుకోబట్టే ఈ గొడవ.

అసలు కొత్త డబ్బా ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి.

మా ఇల్లు మా మామగారు కట్టించిన పాత ఇల్లు. ఉత్తరం ముఖం. ముందు వసారా, తరువాత హాలు, హాలు వెనక మధ్యగది, ఆ వెనక ఆగ్నేయం మూల వంటిల్లు, నైరుతి మూల మా అత్తగారి గది. గోడలు పదమూడున్నర అంగుళాల మందం. ఆ రోజుల్లో ఇల్లు కట్టడమంటే కోట కట్టడమే కదా! అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మా ఆడపడుచు మస్కట్లో వుంటుంది. వారానికి రెండుసార్లు తల్లి మొహం చూడందే ఆ పిల్లకి తోచదు. కాని అత్తగారి గదిలో వీడియో కదలదు. అందుకని ఫోను మోగగానే ఆవిడ మోకాళ్ళ నొప్పులతో లేచి, గోడ పట్టుకుంటూ, మధ్యగది దాటి హాల్లోకి వచ్చేది. హాల్లో టీవీ. టీవీలో క్రికెట్టు. క్రికెట్టు ముందు నలుగురు మొగవాళ్ళు. ఆ నలుగురి మధ్య కుర్చీ వేసుకుని కన్నకూతురితో మాట్లాడాలి.

ఒక రాత్రి ఆ పిల్ల ఫోన్లో ఏడుస్తోంది. ఎందుకో మాకు తెలియలేదు. అడగడానికీ వీలు లేకపోయింది. అత్తగారు ఒకసారి చుట్టూ చూసింది. చూసి, గొంతు పెంచి, “ఆఁ, మేమంతా కులాసాగా వున్నాం. పిల్లలు అన్నాలు తిన్నారా? సరే తల్లీ, వుంటాను” అని పెట్టేసింది. మళ్ళీ గోడ పట్టుకుంటూ గదిలోకి వెళ్ళి పడుకుంది. ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదని నాకు తెలుసు. ఎట్లా తెలుసంటే, నేనూ నిద్రపోలేదు.

మర్నాడు కాఫీ గ్లాసు కాస్త గట్టిగానే బల్లమీద పెట్టి, “అత్తయ్యగారి గదిలోకి వైఫై రావాలి” అన్నాను. దానికి జవాబుగా వచ్చిందే ఈ ఎనిమిది కొమ్ముల జంతువు.

“ఇంత రాద్ధాంతం దేనికి? మొబైల్ డేటా వుందిగా!” అనేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో మా మరిది. ఆయన గది వీధివైపు, కిటికీ పక్కన. అక్కడ టవరు సిగ్నలు నిండుగా వస్తుంది మరి. నాలుగు గోడలవతల మూల గదిలో సంగతి ఆయనకెట్లా తెలుస్తుంది? వైఫైని ఆపే గోడ టవరుకి దారి విడుస్తుందా?

ఇప్పుడు ఆ ‘లాంగ్ రేంజ్’ అనే మాట సంగతి చూద్దాం. నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం, చరిత్ర. ఫిజిక్సు కాదు. అయినా ఎనిమిది వేలు పోయాక ఎవరికైనా ఫిజిక్సు మీద శ్రద్ధ పుడుతుంది. నెల్లాళ్ళు కూచుని చదివాను, ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయిని పీడించుకు తిన్నాను. తెలిసిందేమిటంటే, ఈ విద్య అంతా వంటింట్లో రోజూ మనం చేసే పనే.

మొదటిది. ఎన్ని కొమ్ములు పెట్టినా ఒక డబ్బా ఎంత గట్టిగా అరవవచ్చో చట్టం గిరి గీసింది. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దారిని లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం బయటికి వెళ్ళే బలం, కొమ్ముల మహిమతో కలిపి, 4 వాట్లు దాటకూడదు. మన గదిలో వేసుకునే ఎల్ఈడీ దీపం 9 వాట్లు. అంటే దీపానికున్నపాటి బలం కూడా లేని ప్రాణి అది. ఇళ్ళల్లో వాడే డబ్బాలు సాధారణంగా ఆ 4 వాట్ల దరిదాపులకి కూడా రావు. పోనీ బలం రెట్టింపు చేశారే అనుకోండి, దూరం రెట్టింపు కాదు. దూరం రెండింతలైతే తరంగం బలం నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ లెక్కన బలం రెట్టింపు చేస్తే, అడ్డం లేని మైదానంలో కూడా దూరం ఒకటిన్నర రెట్లు పెరగదు. గోడలుంటే ఇక చెప్పేదేముంది?

రెండోది. డబ్బా అరిస్తే చాలదు, ఫోను తిరిగి జవాబు చెప్పాలి. వైఫై రేడియోలాంటిది కాదు, సంభాషణ. రేడియో వాడు చెప్పుకుపోతాడు, మనం వింటాం. ఇక్కడ అట్లా కాదు. మేడ మీద నుంచి గొంతున్న మామయ్యగారు “ఏమే, వినిపిస్తోందా?” అని గావుకేక వేస్తే పెరట్లో వున్న పిల్లకి వినిపిస్తుంది. “ఆఁ” అని ఆ పిల్ల సన్నగా అంటే ఆయనకి వినిపించదు. ఫోను ఆ సన్నగొంతు పిల్ల. చిన్న బ్యాటరీ, చిన్న యాంటెన్నా, అదెంతని అరుస్తుంది? అందుకే ఒక్కొక్కప్పుడు ఫోను మీద సిగ్నలు గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం సున్నం కొట్టిన గోడలా నిలబడిపోతుంది. డబ్బా మాట ఫోనుకి చేరింది. ఫోను మాట డబ్బాకి చేరలేదు. కొన్ని సంసారాల్లాగే!

మూడోది. “ఈ కొమ్ము బలం ఎక్కువండీ” అన్నాడట దుకాణంలో కుర్రాడు. కొమ్ము బలాన్ని పుట్టించదు, ఉన్న బలాన్ని పరుస్తుంది. నిలువుగా నిలబెట్టిన కొమ్ము చుట్టూ తరంగాలు గారె ఆకారంలో వ్యాపిస్తాయి. గారె చిల్లులో కొమ్ము వుందనుకోండి. పక్కలకి బాగా వెళ్తాయి, కొమ్ము కొసకి సూటిగా పైకీ, కిందికీ అంతగా వెళ్ళవు. బలమైన కొమ్మంటే ఆ గారెని ఇంకా అదిమి పల్చన చేసేది. పిండి అంతే! దిబ్బరొట్టె వేస్తే చిన్నదిగా మందంగా వుంటుంది, అదే పిండితో అట్టు పోస్తే పెనమంతా పరుచుకుంటుంది. అట్టు పెద్దదైంది గదా అని పిండి పెరిగిందంటామా? మేడ వున్నవాళ్ళకి ఆ బలమైన కొమ్ము నిలువుగా పెడితే పై అంతస్తు పస్తే. అట్టపెట్టె మీద మూడంతస్తుల్లోనూ నవ్వుతున్న మొహాల్ని తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది.

మరి ఎనిమిది కొమ్ములెందుకయ్యా అంటే, ఒకేసారి నాలుగైదు పాయలుగా సమాచారం పంపడానికి, ఒక వైపు కాస్త ఎక్కువగా గురిపెట్టడానికి. ఆ ఉపయోగం లేదనను. కాని మన చేతుల్లో వుండే ఫోన్లలో చాలావాటికి రెండు యాంటెన్నాలే. నలుగురు నిలబడి నాలుగు గరిటెలతో వడ్డించినా తినేవాడికి రెండు చేతులేగా!

నాలుగోది, పెట్టె మీద అంకెలు. ‘ఏసీ 1200’ అని రాస్తారు. సెకనుకి 1200 మెగాబిట్లు కాబోలుననుకుంటాం. అది 2.4 దారిలో 300, 5 గిగాహెర్ట్జ్ దారిలో 867, రెండూ కూడి పైకి సవరించిన మొత్తం. ఇళ్ళల్లో వుండే మామూలు ఫోను ఒకసారికి ఒక దారిలోనే నడుస్తుంది. రెండు దార్ల వేగమూ కలిపి చెప్పడమంటే పెళ్ళిచూపుల్లో పిల్లాడి జీతం, వాళ్ళన్నయ్య జీతం కలిపి చెప్పడమే. పైగా ఆ 300, 867 కూడా కాగితం మీద లెక్కలు. గోడ లేని చోట, పక్కన పోటీ లేని చోట కూడా చేతికి వచ్చేది అందులో కొంతే. ఇంకో సంగతి. ఆ 867 పలికే 5 గిగాహెర్ట్జ్ దారికి పరుగెక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. 2.4 నెమ్మది మనిషి, కాని రెండు మూడు గోడలు దాటి వస్తుంది. దూరపు గదికి నిదానమే దిక్కు.

ఆ నిదానపు దారిలో కూడా రద్దీ తక్కువేం కాదు. అందులో ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా నడవగలిగిన వరసలు మూడే మూడు: 1, 6, 11. అపార్టుమెంటులో ఇరవై ఇళ్ళ డబ్బాలు ఆ మూడు వరసల్లోనే తోసుకోవాలి. బ్లూటూత్ వస్తువులూ, మన వంటింటి మైక్రోవేవ్ పొయ్యీ కూడా ఆ దారివే. అటువంటి చోట ‘లాంగ్ రేంజ్’ అని ఇంకొకరు గొంతు పెంచితే ఏమవుతుంది? శ్రీరామనవమి పందిట్లో ఒక మైకు మీద పోటీకి ఇంకో మైకు పెట్టినట్టవుతుంది. మన పడకగదికి వచ్చేదెంతో గాని, పక్కింటివాళ్ళ పాఠం మాత్రం చెడుతుంది.

ఇవన్నీ అమ్మేవాళ్ళకి తెలియవా? తెలుసు. కాని “మీ ఇంట్లో ఎన్ని గోడలున్నాయమ్మా?” అని అడిగితే బేరం కుదరదు. “ఎన్ని కొమ్ములు కావాలి సార్?” అంటే కుదురుతుంది.

ఇక నా అసలు కోపం దగ్గరికి వస్తాను. ఫైబరు తీగ బిగించడానికి వచ్చిన అబ్బాయి మా ఇంట్లో అడిగిన ప్రశ్న ఒక్కటే. “టీవీ ఎక్కడండీ?” చూపించారు. అక్కడే గోడకి చిల్లు పొడిచాడు, అక్కడే డబ్బా బిగించాడు, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. “వంటిల్లెక్కడ?” అని అడగలేదు. “ముసలావిడ ఎక్కడ పడుకుంటారు?” అని అడగలేదు. “పిల్ల ఎక్కడ కూచుని చదువుకుంటుంది?” అని అడగలేదు. ఆ అబ్బాయిని అని ఏం లాభం? ఇంట్లో వున్న నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తోచలేదు.

మీ ఇంట్లో ఆ డబ్బా ఎక్కడుందో ఒక్కసారి లేచి చూడండి. నూటికి తొంభై ఇళ్ళల్లో హాల్లోనే వుంటుందని పందెం కాస్తాను. హాలు ఇంటికి మొహం. రేడియో వచ్చినప్పుడు హాల్లో పెట్టారు, ఫోను వచ్చినప్పుడు హాల్లో పెట్టారు, టీవీ వచ్చినప్పుడు హాల్లో పెట్టారు. ఇదీ అక్కడికే చేరింది. రేడియో హాల్లో పాడితే వంటింట్లోకి వినిపించేది, అదొక అదృష్టం. ఈ తరంగం అట్లా వినిపించదే! హాల్లో వున్నవాడికి ఊళ్ళో వార్తలు, క్రికెట్టు, సినిమాలు. వెనక గదుల్లో వున్నవాళ్ళకి తిరుగుతూ వుండే చిన్న చక్రం. ఆ వెనక గదుల్లో వుండేదెవరు? వంట చేసే మనిషి, బాలింత, ముసలమ్మ, తలుపు వేసుకుని చదువుకునే ఆడపిల్ల. బిల్లు మాత్రం ఇల్లంతటికీ!

మా పక్కింట్లో సంగీతం టీచరుగారున్నారు. అమెరికాలో వున్న మన పిల్లలకి తెల్లవారుజామున వీడియోలో పాఠాలు చెప్తారు. ఇల్లంతా నిద్రపోయే వేళ హాల్లో పాడితే మావగారికి నిద్రాభంగమట. వెనక గదిలో పాడితే ఆరోహణ ఇక్కడుంటుంది, అవరోహణ అమెరికా చేరేసరికి పాఠం అయిపోతుంది. చలికాలమంతా ఆవిడ దుప్పటి కప్పుకుని వసారాలో కూచుని గీతాలు చెప్పారు. ఆవిడ సంపాదన ఆ ఇంట్లో ఒక పిల్లవాడి కాలేజీ ఫీజు. ఆ సంగతి అందరికీ తెలుసు. డబ్బా నాలుగు గజాలు వెనక్కి జరపాలన్నది మాత్రం ఎవరికీ తెలియలేదు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఎందరు ఆడ టీచర్లు ఇట్లా మెట్లమీదా, గుమ్మాల్లోనూ కూచుని పాఠాలు చెప్పారో మీలో చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది.

ఇక్కడొక చిత్రం చెప్తాను. ఈ నిస్తంత్రీ విద్య చరిత్రలో ఒక ఆడమనిషి పేరుంది. హెడీ లమార్ అనే హాలీవుడ్ నటి, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడితో కలిసి, శత్రువులు పసిగట్టకుండా తరంగం ఒక దారినుంచి ఇంకో దారికి గెంతుతూ పోయే పద్ధతి కనిపెట్టింది. పియానో మెట్ల లెక్కన 88 దారులు. 1942 ఆగస్టు 11న అమెరికాలో పేటెంటు వచ్చింది. అప్పట్లో వాళ్ళ నౌకాదళం దాన్ని పట్టించుకోలేదు. 1997లో వైఫైకి మొదటి ప్రమాణం రాసినప్పుడు అందులో చెప్పిన పద్ధతుల్లో ఈ గెంతుడు పద్ధతి కూడా ఒకటి. వైఫై అంతా ఆవిడే కనిపెట్టిందని కొందరు రాస్తారు గాని, అది అతిశయోక్తి. ఆవిడ కన్న కల అటువైపుది, అంతవరకు నిజం. ఒక ఆడమనిషి బుర్రలో మెరిసిన విద్య, ఇంకో ఆడమనిషి వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోవడం ఏం న్యాయం చెప్పండి?

అయితే తప్పంతా మొగవాళ్ళదేనని చేతులు దులుపుకుంటే మనకీ పాపం తగులుతుంది. టీవీ మీద క్రోషియా గుడ్డ కప్పినట్టు డబ్బా మీద కూడా కప్పి, దాని గాలి చిల్లులు మూసిందెవరు? మనమే. అది వేడెక్కి రోజుకి మూడుసార్లు మూర్ఛపోతే “దిక్కుమాలిన కంపెనీ” అని తిట్టిందెవరు? మనమే. చూడ్డానికి బాగాలేదని బీరువా వెనక తోసిందీ, చేపల తొట్టి పక్కన పెట్టిందీ మనమే. ఇనుము ఆ తరంగాన్ని వెనక్కి కొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. నిలువుటద్దం వెనక వుండే లోహపు పూత కూడా అంతే. అన్నిటికన్నా పెద్ద తప్పు, “నాకివన్నీ తెలియవమ్మా” అని గర్వంగా చెప్పుకోవడం. పాకం ముదిరిందో లేదో వేలితో చూసి చెప్పగలిగిన మనిషికి, ఏ గదిలో ఎన్ని గీతలొస్తున్నాయో ఫోను చూసి చెప్పడం ఒక లెక్కా?

అందుకని, డబ్బా కొనబోయే ముందు కాళ్ళకి పని చెప్పండి. ఫోను పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. ఎక్కడ వీడియో ఆగిందో, అక్కడికీ డబ్బాకీ మధ్య ఎన్ని గోడలున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లేకుండా దుకాణానికి వెళ్ళడం, కొలత లేకుండా జాకెట్టు కుట్టించుకోవడమే.

తరువాత, పైసా ఖర్చు లేని వైద్యం. ఉన్న డబ్బానే ఇంటి నడిమికి జరపండి, మనిషి తలెత్తులో, నాలుగు పక్కలా తెరిచి వున్న అల్మరా మీద పెట్టండి. ఫైబరు తీగని లోపలికి తేవడానికి వీల్లేదని బిగించేవాళ్ళు ఊరికే అంటారు. అది సన్నని తీగ. గోడవార లాగితే లోపలికి వస్తుంది. కాస్త గట్టిగా అడగాలి, అంతే.

అప్పటికీ చేరకపోతే, పెద్ద డబ్బా ఒక్కటి కొనకండి. మామూలు డబ్బాలు రెండు పెట్టండి. రెంటినీ తీగతో కలపండి. లాన్ కేబులనే ఆ తీగ 100 మీటర్ల దాకా నడుస్తుంది. మన ఇళ్ళకి అందులో నాలుగో వంతు చాలు. రెండో డబ్బాని ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతికి మార్చి, రెంటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే సరి. తీగ లాగడం కుదరని అద్దె ఇళ్ళకి ‘మెష్’ డబ్బాలున్నాయి. ఒకటి అందుకుని రెండోదానికి అందిస్తుంది. కాని ఆ రెండోదాన్ని సిగ్నలు చచ్చిన గదిలో పెట్టకండి. సగం దారిలో, ఇంకా ప్రాణమున్న చోట పెట్టాలి. ఎండిన బావిలో మోటారు దింపితే నీళ్ళొస్తాయా? గోడ ప్లగ్గుకి గుచ్చే చౌక రిపీటర్లు విన్నదే మళ్ళీ చెప్తాయి. వినడానికీ చెప్పడానికీ ఒకే నోరు గనక, చాలావాటిలో వేగం సగానికి సగం పోతుంది.

నమ్మకమైన డబ్బా అంటే కొమ్ములు కాదు. దుకాణంలో అడగవలసిన ప్రశ్నలు వేరే వున్నాయి. దీని లోపలి సాఫ్ట్‌వేరుకి కంపెనీ ఎన్నేళ్ళపాటు మరమ్మతులు పంపుతుంది? 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ 3 అనే తాళం ఇందులో వుందా? వారంటీ ఎంతకాలం? మా ఇంట్లో చేరకపోతే వెనక్కి తీసుకుంటారా? ఈ చివరి ప్రశ్నకి కుర్రాడి మొహంలో నవ్వు మాయమైతే, ‘లాంగ్ రేంజ్’ ఎంత దూరమో మీకు తెలిసిపోతుంది. ఇంటికి తెచ్చిన రోజే దాని పుట్టింటి పాస్‌వర్డ్ మార్చేయండి. ఎండాకాలం కరెంటు కోతలకి, ఈ డబ్బాలకనే అమ్మే చిన్న బ్యాటరీ ఒకటి పెట్టుకుంటే మంచిది. ఇక కొత్త ఇల్లు కట్టుకుంటున్న అదృష్టవంతులు వాస్తు సిద్ధాంతిగారితో పాటు వైరింగు మేస్త్రీని కూడా కూచోబెట్టి, వంటింటికీ, వెనక గదులకీ ఒక్కొక్క గొట్టం గోడలో వేయించండి. ఈశాన్యంలో దేవుడికి చోటు చూసినంత శ్రద్ధగా ఆగ్నేయంలో మనిషికి కూడా చూడాలి కదా!

మా ఇంట్లో ఏమైందంటారా? దుకాణంవాడు జంతువుని వెనక్కి తీసుకోలేదు. దాన్ని హాల్లోంచి లేపి మధ్యగది అల్మరా మీదికి మార్పించాను. “టీవీకి దూరమైపోదూ?” అన్నారు మావారు. “టీవీకి తీగ వేయించుకోండి, దానికి మోకాళ్ళ నొప్పులేం లేవు” అన్నాను. దానితో వంటింట్లోకి రెండు గీతలొచ్చాయి. పాత రెండు కొమ్ముల డబ్బాని అత్తగారి గదిలో పెట్టి, మధ్యగది నుంచి గోడవార తీగ లాగించాం. మా అబ్బాయి పది నిమిషాల్లో మీటలేవో నొక్కి రెంటికీ వియ్యం కుదిర్చాడు. తీగకీ, ఎలక్ట్రీషియన్‌కీ కలిపి వెయ్యి రూపాయలు కాలేదు.

ఆ వారమే మస్కట్ నుంచి ఫోను వచ్చింది. అలవాటు కొద్దీ అత్తగారు లేచి గోడ పట్టుకోబోయింది. “కూచోండి అత్తయ్యా, ఇక్కడికే వస్తుంది” అన్నాను. తెరమీద కూతురి మొహం కనిపించింది. ఆగలేదు, చక్రం తిరగలేదు. ఆవిడ కాసేపు ఫోను వంకే చూసింది. తరువాత నా వంక చూసి, “అమ్మాయ్, ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళు” అంది.

వేశాను. ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అందులో సగం నా గురించే అయివుంటుంది. అయితే అవనివ్వండి. నాకు వినిపించకపోవడమే కదా నేను కోరుకున్నది!